రీబూట్ చేస్తే పోతుందా? లైనక్స్ వర్చువల్ ఫైళ్లలో విలువలు మార్చే ముందు

క్లుప్తంగా: /ప్రాక్, /సిస్ డైరెక్టరీల్లో కనిపించేవి డిస్కు మీద ఉన్న ఫైళ్లు కావు, నడుస్తున్న కెర్నెల్‌తో (ఓఎస్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) మాట్లాడే దారులు. వాటిని చదవడంలో ప్రమాదం చాలా తక్కువ. రాయడంలో ఎంత ప్రమాదం ఉందన్నది ఆ విలువ చివరికి ఎక్కడ నిలుస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. కెర్నెల్ మెమరీలో నిలిచేది రీబూట్‌తో పోతుంది, హార్డ్‌వేర్‌లోనో ఫర్మ్‌వేర్‌లోనో (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) నిలిచేది పోకపోవచ్చు. నెట్‌లో తిరిగే ట్యూనింగ్ సలహాల్లో చాలావాటికి కాలం చెల్లిపోయి ఉండటం ఇంకో సమస్య.

పెద్ద జావాస్క్రిప్ట్ ప్రాజెక్టును లైనక్స్‌లో తెరిచినప్పుడు చాలామందికి ఎదురయ్యే ఎర్రర్ ఒకటుంది: 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'. డిస్కు చూస్తే సగం ఖాళీగానే ఉంటుంది. పాత ఫైళ్లు తీసేసినా, ట్రాష్ ఖాళీ చేసినా ఎర్రర్ మాత్రం పోదు. నిజానికి నిండింది డిస్కు కాదు. ఫైళ్లలో జరిగే మార్పులను కనిపెట్టి చెప్పే ఐనోటిఫై అనే సదుపాయం కెర్నెల్‌లో ఉంది. ఒక్కో యూజర్ ఇన్ని 'వాచ్‌'లే పెట్టుకోవాలని దానికో పరిమితి. అయిపోయింది ఆ కోటా. డిస్కు నిండినప్పుడు వచ్చే ఎర్రర్ కోడ్‌నే కెర్నెల్ ఇక్కడా వాడుతుంది కాబట్టి ఈ తికమక.

వెతికితే ఒక్క లైనులో పరిష్కారం దొరుకుతుంది: మాక్స్_యూజర్_వాచెస్ అనే ఫైల్‌లో 524288 అని రాయండి. రాయగానే పని జరుగుతుంది, మెషిన్ రీబూట్ చేయనక్కర్లేదు. కానీ మర్నాడు ఆన్ చేసేసరికి మళ్లీ అదే ఎర్రర్. మరి నిన్న ఫైల్‌లో రాసింది ఎటు పోయింది? ఈ ఫైల్‌లో అయితే పోయింది సరే, అన్ని ఫైళ్లలోనూ ఇలాగే పోతుందా? రెండో ప్రశ్న చాలామంది వేసుకోరు. అసలు జాగ్రత్త అవసరమైంది అక్కడే.

డిస్కులో లేని ఫైళ్లు

/ప్రాక్‌లో ఏ ఫైల్‌నైనా జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్‌తో చూస్తే సైజు దాదాపు ఎప్పుడూ సున్నా అనే ఉంటుంది. అదే ఫైల్‌ను లోపల ఉన్నది చూపించే క్యాట్ కమాండ్‌తో తెరిస్తే పేజీలకు పేజీలు వస్తాయి. /సిస్‌లో సాధారణ ఫైళ్లన్నీ 4096 బైట్లని చూపిస్తాయి, లోపల మాత్రం ఒక్క అంకె ఉంటుంది. రెండు చోట్లా చూపించే సైజుకు అర్థం లేదు, ఎందుకంటే తెరిచే క్షణం వరకు అక్కడ కంటెంటే లేదు. చదవమని అడగగానే కెర్నెల్‌లోని ఒక ఫంక్షన్ నడుస్తుంది, అప్పటి లెక్కలు తీసి అక్షరాలుగా మార్చి ఇస్తుంది. రాసినప్పుడు ఇంకో ఫంక్షన్ నడుస్తుంది. అది వచ్చిన అక్షరాలను అంకెగా మార్చుకుని, హద్దులు సరిచూసి, కెర్నెల్‌లోని ఒక వేరియబుల్‌లో పెడుతుంది, లేదా హార్డ్‌వేర్‌కు ఆజ్ఞ ఇస్తుంది. ఫైల్ అన్నది బయటికి కనిపించే రూపం మాత్రమే.

ఈ ఆలోచన లైనక్స్ కంటే పాతది. నడుస్తున్న ప్రాసెస్‌లను ఫైళ్లుగా చూపించే పద్ధతిని బెల్ ల్యాబ్స్‌లో టామ్ కిలియన్ యూనిక్స్ ఎనిమిదో ఎడిషన్ కోసం తయారుచేసి, 1984లో దాని మీద పేపర్ ఇచ్చారు. లైనక్స్‌లోకి /ప్రాక్ 1992లో వచ్చింది. మొదట్లో ప్రాసెస్‌ల వివరాలకే ఉద్దేశించినా, క్రమంగా ఎవరికి తోచిన సమాచారం వాళ్లు అందులో చేర్చుతూ పోయారు. మెమరీ లెక్కలు, పార్టిషన్లు, డ్రైవర్ల సెట్టింగులు అన్నీ ఒకేచోట, ఒక్కోటి ఒక్కో ఫార్మాట్‌లో. ఈ గందరగోళానికి విరుగుడుగానే 2003 డిసెంబర్‌లో విడుదలైన 2.6 కెర్నెల్‌తో ప్యాట్రిక్ మోచెల్ రూపొందించిన సిస్‌ఎఫ్‌ఎస్ వచ్చింది. అదే /సిస్. వీలైనంతవరకు ఒక ఫైల్‌లో ఒకే విలువ ఉండాలన్నది దాని నియమం.

ఈ చరిత్ర వల్ల ఈ రోజుకీ ఒక తేడా మిగిలింది. /ప్రాక్ లోపల ఉన్న 'సిస్' అనే సబ్‌డైరెక్టరీ కెర్నెల్ ప్రవర్తనను మార్చే మీటల చోటు. సిస్‌సీటీఎల్ కమాండ్ పనిచేసేది దాని మీదే: వీఎం.స్వాపీనెస్ అని రాస్తే అర్థం /ప్రాక్/సిస్/వీఎం/స్వాపీనెస్ అనే ఫైల్. దానికీ, పైన వేరుగా ఉండే /సిస్‌కూ పేరులో పోలిక తప్ప సంబంధం లేదు. /సిస్‌లో ఉండేవి ఎక్కువగా పరికరాలు, అంటే డిస్కు, బ్యాటరీ, స్క్రీన్, సీపీయూ. ఒకటి కెర్నెల్ నిర్ణయాలకు, ఇంకొకటి చాలావరకు లోహానికీ సిలికాన్‌కూ దగ్గర. ప్రమాదం లెక్క కూడా ఇక్కడి నుంచే మారుతుంది.

చదవడంలో చిక్కు అర్థం చేసుకోవడంలోనే

మామూలు యూజర్‌గా ఉండి ఈ డైరెక్టరీల్లో తిరగడం వల్ల సిస్టమ్ చెడిపోదు. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా మారి తిరగాల్సిన అవసరం కూడా చాలా తక్కువ. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. రూట్‌గా ఉండి /ప్రాక్ మొత్తాన్ని గ్రెప్‌తో గాలిస్తే కేఎంఎస్‌జీ అనే ఫైల్ దగ్గర కమాండ్ అలాగే నిలబడిపోతుంది. కెర్నెల్ సందేశాలు వచ్చేదాకా ఎదురుచూసే ఫైల్ అది, పైగా ఒకసారి చదివిన సందేశం అక్కడ మళ్లీ దొరకదు. కేకోర్ అనే ఫైల్ 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషిన్లలో 128 టెరాబైట్ల చుట్టుపక్కల సైజు చూపిస్తుంది. బ్యాకప్ స్క్రిప్టులో /ప్రాక్‌ను మినహాయించడం మరిచిపోయినవాళ్లకు దీని సంగతి బాగా తెలుసు.

అసలు చిక్కు వచ్చిన సమాచారాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నదే. మెమ్‌ఇన్ఫో ఫైల్ తీసుకుంటే, 16 జీబీ మెషిన్‌లో మెమ్‌ఫ్రీ అన్న లైనులో 400 ఎంబీ కూడా లేకపోవడం మామూలే. అది చూసి ర్యామ్ అయిపోతోందని టెన్షన్ పడి సర్వర్‌కు మెమరీ పెంచినవాళ్లున్నారు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను లైనక్స్ ఊరికే వదలదు, చదివిన ఫైళ్లను అందులో దాచిపెట్టుకుంటుంది. ఎవరైనా అడిగితే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. చూడాల్సింది మెమ్‌అవైలబుల్ అన్న లైను. 2014లో 3.14 కెర్నెల్‌తో ఆ లైను చేర్చిందే ఈ అపార్థం తొలగించడానికి.

లోడ్‌ఏవీజీ కూడా అంతే. 1, 5, 15 నిమిషాల సగటులని అందరికీ తెలుసు. అవి సీపీయూ మీద భారం మాత్రమే అనుకోవడం పొరపాటు. డిస్కు నుంచో, జవాబివ్వని నెట్‌వర్క్ డ్రైవ్ నుంచో సమాధానం కోసం కదలకుండా నిలిచిపోయిన ప్రాసెస్‌లను కూడా లైనక్స్ ఈ లెక్కలో కలుపుతుంది. అందుకే సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ 40 చూపించే సందర్భాలు వస్తాయి. ఏది ఆగింది, సీపీయూనా, మెమరీనా, డిస్కా అని విడివిడిగా తెలియాలంటే 4.20 కెర్నెల్ నుంచి వచ్చిన /ప్రాక్/ప్రెషర్ చూడటం మేలు.

కంటైనర్లలో, అంటే ఒకే మెషిన్ మీద ప్రోగ్రాములను విడివిడి గదుల్లో పెట్టినట్టు నడిపే పద్ధతిలో, ఇంకో మెలిక. డాకర్ అనే టూల్‌తో నడిపే కంటైనర్ లోపల మెమ్‌ఇన్ఫో చదివితే కనిపించేది కంటైనర్‌కు కేటాయించిన మెమరీ కాదు, కింద ఉన్న మెషిన్ మొత్తం మెమరీ. పాత జావా 8 వెర్షన్లు ఈ ఉచ్చులోనే పడ్డాయి. జావా తన డేటా పెట్టుకునే హీప్‌కు మామూలుగా మొత్తం మెమరీలో నాలుగో వంతును గరిష్ఠంగా పెట్టుకుంటుంది. 64 జీబీ మెషిన్ మీద 2 జీబీ పరిమితితో కంటైనర్ నడిపితే, అది 16 జీబీ దాకా పెరగొచ్చనుకుని పెరుగుతూ పోయి కెర్నెల్ చేతిలో చచ్చేది. 2018లో జావా 10తోనూ, ఆపై జావా 8లో 191వ అప్‌డేట్‌తోనూ ఇది సర్దుకుంది. కంటైనర్ అసలు పరిమితి ఉండేది /సిస్/ఎఫ్‌ఎస్/సీగ్రూప్ కింద.

చదవడంలో భద్రత కోణం కూడా ఒకటుంది. ప్రతి ప్రాసెస్ డైరెక్టరీలోనూ ఉండే సీఎండీలైన్ అనే ఫైల్‌ను మామూలుగా ఆ మెషిన్‌లోని ఏ యూజరైనా చదవగలడు. కమాండ్ చివర పాస్‌వర్డ్ టైప్ చేసి డేటాబేస్‌లోకి వెళ్లే అలవాటు ఎందుకు మంచిది కాదో చెప్పడానికి ఇదొక్కటి చాలు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉండే ఎన్విరాన్ ఫైల్ ఆ ప్రాసెస్ సొంతదారుకూ రూట్‌కే కనిపిస్తుంది. ఫోన్లలో ఇంకా గట్టి కట్టడి ఉంది. ఆండ్రాయిడ్ 7 నుంచి ఒక యాప్ ఇంకో యాప్ తాలూకు /ప్రాక్ వివరాలు చూడలేదు. అప్పటిదాకా 'ఏ యాప్ ఎంత సీపీయూ తింటోందో' చూపించిన టూల్స్ చాలావరకు ఆ దెబ్బతో మూగబోయాయి.

రాయడం అంటే ఆజ్ఞ ఇవ్వడం

రాయబోయినవాళ్లకు మొట్టమొదట ఎదురయ్యేది 'పర్మిషన్ డినైడ్'. అక్షరాలను బయటికి పంపే ఎకో కమాండ్ ముందు, రూట్ అధికారం ఇచ్చే సుడో పెట్టి, బాణం గుర్తుతో (>) ఫైల్‌లోకి పంపినా అదే జవాబు. కారణం తేలికే. బాణం గుర్తు చూసి ఫైల్ తెరిచేది ఎకో కాదు, టెర్మినల్‌లోని షెల్. సుడో ఇచ్చిన అధికారం ఎకో వరకే, షెల్ ఇంకా మామూలు యూజర్‌గానే ఉంది. అందుకే ఎకో ఇచ్చిన విలువను పైపు ద్వారా 'సుడో టీ'కి (టీ అంటే వచ్చినదాన్ని ఫైల్‌లో రాసే కమాండ్) పంపడమో, /ప్రాక్/సిస్ విషయమైతే నేరుగా సిస్‌సీటీఎల్ వాడటమో చేయాలి. విమ్ లాంటి ఎడిటర్‌తో తెరిచి సేవ్ చేస్తే 'ఎఫ్‌సింక్ ఫెయిల్డ్' అనే ఎర్రర్ వస్తుంది. సేవ్ చేసినదాన్ని డిస్కు మీదికి చేర్చమని విమ్ అడుగుతుంది, వెనక డిస్కే లేదు. విలువ చేరిందో లేదో తెలియని అయోమయం మిగులుతుంది. ఎడిటర్లను ఈ ఫైళ్ల జోలికి తీసుకురాకపోవడమే మంచిది.

కెర్నెల్ కాపలా కొంతవరకే పనిచేస్తుంది. డిస్కు పనుల వరసను నిర్ణయించే షెడ్యూలర్ ఫైల్‌ను చదివితే అందుబాటులో ఉన్న పేర్లన్నీ ఒకే లైనులో వస్తాయి, ప్రస్తుతం నడుస్తున్నది చదరపు బ్రాకెట్లలో ఉంటుంది. రాసేటప్పుడు ఒక్క పేరే రాయాలి. లేని పేరు రాస్తే 'ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని తిప్పికొడుతుంది, పాత విలువ చెక్కుచెదరదు. ఇది మంచి రకం ఫైల్. కానీ హద్దుల్లోనే ఉండి, ఆ మెషిన్‌కు మాత్రం చేటు చేసే విలువను కెర్నెల్ మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. పెద్ద అంకె తప్పా ఒప్పా అన్నది ఆ మెషిన్‌లో ఏం నడుస్తోందో తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

కాబట్టి ఏ మార్పుకైనా వరస ఒకటే. ముందు పాత విలువ చదివి ఎక్కడైనా రాసి పెట్టుకోవాలి. కొత్తది రాశాక మళ్లీ చదివి చూడాలి. ఎర్రర్ రానంత మాత్రాన విలువ మారిందని నమ్మకం లేదు. కొన్ని ఫైళ్లు దగ్గరి విలువకు సర్దుకుంటాయి. హ్యూజ్ పేజీలు, అంటే మెమరీలో పెద్ద ముక్కలు, 1000 అడిగితే, అన్ని ఖాళీ ముక్కలు దొరక్కపోతే కెర్నెల్ దొరికినన్నే ఇచ్చి ఊరుకుంటుంది. తిరిగి చదివితేనే ఆ సంగతి తెలుస్తుంది.

ఫైల్ పర్మిషన్లు కూడా ఒక సూచనే. చదవడానికి మాత్రమే వీలున్నది నిశ్చింతగా చూడొచ్చు. ఉదాహరణకు 2018లో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాక /సిస్‌లో సీపీయూ కింద వచ్చిన 'వల్నరబిలిటీస్' డైరెక్టరీ. మెషిన్‌కు ఏ లోపం వర్తిస్తుందో, రక్షణ ఉందో లేదో ఒక్కో ఫైల్ ఒక్క వాక్యంలో చెబుతుంది. దీనికి భిన్నంగా రాయడానికి మాత్రమే వీలున్న ఫైల్ కనిపిస్తే ఆగి ఆలోచించాలి. సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్ అలాంటిదే. అందులో 'బీ' అన్న ఒక్క అక్షరం రాస్తే డిస్కుకు చేరాల్సిన డేటా చేరకుండానే మెషిన్ ఆ క్షణమే రీబూట్ అవుతుంది.

విలువ ఎక్కడ నిలుస్తుంది?

'ఏదైనా తేడా వస్తే రీబూట్ చేస్తే సరి' అన్న మాట లైనక్స్ వాడేవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. /ప్రాక్/సిస్ విషయంలో అది చాలావరకు నిజం. అక్కడి విలువలు కెర్నెల్ వేరియబుల్స్. కరెంటు పోతే అవీ పోతాయి. ఐనోటిఫై పరిమితి మర్నాటికి మాయమైంది ఇందుకే.

/సిస్‌లో మాట అంత సూటిగా ఉండదు. ల్యాప్‌టాప్ వెలుతురును నియంత్రించే బ్రైట్‌నెస్ ఫైల్‌లో 200 రాస్తే స్క్రీన్ వెంటనే మారుతుంది, పక్కనే ఉన్న మాక్స్_బ్రైట్‌నెస్ ఫైల్ గరిష్ఠం ఎంతో చెబుతుంది. ఈ మార్పు కెర్నెల్‌కు గుర్తుండదు. కానీ షట్‌డౌన్ అప్పుడు ఆ విలువను దాచి, బూట్ అప్పుడు తిరిగి పెట్టే పనిని, బూట్‌నూ సర్వీసులనూ నడిపించే సిస్టమ్‌డీ తన నెత్తిన వేసుకుంది. అంటే కెర్నెల్ మరిచినా పైనున్న సాఫ్ట్‌వేర్ మరవదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో సున్నా రాస్తే స్క్రీన్ పూర్తిగా చీకటైపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాల్సిన విషయం.

బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే ఛార్జ్_కంట్రోల్_ఎండ్_త్రెషోల్డ్ ఫైల్ ఇంకో మెట్టు కిందికి వెళ్తుంది. థింక్‌ప్యాడ్ లాంటి మోడళ్లలో ఆ హద్దును పట్టుకుని ఉండేది ఎంబెడెడ్ కంట్రోలర్ అనే విడి చిప్. మెషిన్ ఆపి మళ్లీ వేసినా, లైనక్స్ తీసేసి వేరే ఓఎస్ వేసినా ఆ హద్దు అలాగే ఉండొచ్చు. మరికొన్ని మోడళ్లలో రీబూట్‌తోనే పోతుంది. ఒకే పేరున్న ఫైల్, రెండు కంపెనీల హార్డ్‌వేర్, రెండు ఫలితాలు.

అన్నిటికంటే లోతుగా వెళ్లేది ఫర్మ్‌వేర్. /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ కింద ఉండే ఈఎఫ్ఐవార్స్ డైరెక్టరీలో మదర్‌బోర్డు బూట్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపిస్తాయి. అక్కడ ఒక ఫైల్ తీసేస్తే బోర్డులోని ఫ్లాష్ మెమరీ నుంచి ఆ సెట్టింగే పోతుంది. 2016 మొదట్లో ఇది పెద్ద చర్చ అయింది. రూట్ డైరెక్టరీ నుంచి అన్నీ తుడిచేసే ఆర్ఎం కమాండ్ నడిపిన ఒక ఎంఎస్ఐ ల్యాప్‌టాప్ ఆ తర్వాత అసలు ఆన్ కాలేదు. ఓఎస్ పోతే మళ్లీ వేసుకోవచ్చు, ఇక్కడ బయాస్ తెర కూడా రాలేదు. ఫర్మ్‌వేర్ సెట్టింగులు లేకపోతే సొంతంగా కోలుకోవాల్సిన బోర్డు కోలుకోకపోవడం తయారీదారు తప్పేనని కొందరు, ఆ డైరెక్టరీని రాయడానికి వీలుగా తెరిచి ఉంచడం సిస్టమ్‌డీ తప్పని కొందరు వాదించారు. బూట్ ఎంట్రీలు మార్చే టూల్స్‌కు రాసే వీలు అవసరం కాబట్టి దాన్ని మొత్తంగా మూసేయడం కుదరలేదు. చివరికి కెర్నెల్‌లోనే మార్పు వచ్చింది. 4.5 నుంచి, బాగా తెలిసిన ప్రామాణిక వేరియబుల్స్ తప్ప మిగతావన్నీ ఇమ్యూటబుల్‌గా, అంటే మార్చలేనివిగా ఉంటాయి. చాట్ఆర్ కమాండ్‌తో ఆ తాళం తీస్తే తప్ప రూట్ కూడా వాటిని చెరపలేడు. తాళం పడింది నిజమే, కానీ తీసే దారి కూడా ఉంది కాబట్టి ప్రమాదం తగ్గిందనే అనాలి, పోయిందని కాదు.

రీబూట్ దాకా ఆగనివ్వని మార్పులు

విలువ కెర్నెల్ మెమరీలోనే ఉన్నా, దాన్ని వెనక్కి తిప్పే అవకాశం ముందే చేజారిపోతే? దీనికి వీఎం.ఓవర్‌కమిట్_మెమరీ మంచి ఉదాహరణ. ప్రోగ్రాములు అడిగే మెమరీకీ నిజంగా వాడే మెమరీకీ చాలా తేడా ఉంటుంది కాబట్టి, కెర్నెల్ మామూలుగా ఉన్నదానికంటే ఎక్కువే మాట ఇస్తుంది. ఈ ఫైల్‌లో 2 రాస్తే ఆ ఉదారత ఆగిపోతుంది: స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) మొత్తం, దానికి తోడు ర్యామ్‌లో సగం, అంతే పరిమితి. స్వాప్ లేని 8 జీబీ మెషిన్‌లో అది 4 జీబీ. అప్పటికే ఇచ్చిన మాటలు 7 జీబీ ఉన్నాయనుకుంటే, రాసిన మరుక్షణం నుంచి కొత్త ప్రాసెస్ ఏదీ పుట్టదు. ఎల్ఎస్ కొట్టినా 'కెనాట్ అలొకేట్ మెమరీ' అనే వస్తుంది. సుడో కూడా కొత్త ప్రాసెసే, అదీ నడవదు.

రూట్ షెల్ ఒకటి ముందే తెరిచి ఉంటే మాత్రం గండం గడుస్తుంది. ఎకో అన్నది బ్యాష్ అనే షెల్ లోపలే ఉండే కమాండ్, దానికి కొత్త ప్రాసెస్ అక్కర్లేదు. ఆ షెల్ నుంచి ఎకోతో 0 రాస్తే సిస్టమ్ మళ్లీ ఊపిరి తీసుకుంటుంది. అసలు అంతదాకా రాకుండా చూసుకునే దారి మెమ్‌ఇన్ఫోలోనే ఉంది. కమిట్‌లిమిట్, కమిటెడ్_ఏఎస్ అని రెండు లైన్లుంటాయి. రెండోది మొదటిదాన్ని దాటి ఉంటే ఆ మెషిన్‌లో 2 రాయకూడదు.

వీఎం.మిన్_ఫ్రీ_కేబైట్స్ గురించి కెర్నెల్ డాక్యుమెంటేషన్ దాపరికం లేకుండా చెబుతుంది: మరీ ఎక్కువ పెడితే మెషిన్ అక్కడికక్కడే మెమరీ లేక ప్రాసెస్‌లను చంపడం మొదలుపెడుతుంది, 1024 కేబీ కంటే తక్కువ పెడితే భారం పెరిగినప్పుడు మెషిన్ బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. నెట్‌వర్క్ సెట్టింగులది ఇంకో రకం ఇబ్బంది. ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) మీద కూర్చుని, ప్యాకెట్లు సరైన దారిలోనే వచ్చాయా అని చూసే ఆర్‌పీ_ఫిల్టర్ మారిస్తే, రెండు నెట్‌వర్క్ కార్డులున్న మెషిన్‌లో ఆ కనెక్షనే తెగిపోవచ్చు. మెషిన్‌ను రౌటర్‌లా పనిచేయించే ఐపీ_ఫార్వర్డ్‌కు మరో గుణం ఉంది. దాన్ని మార్చితే దానితోపాటు ఇంటర్‌ఫేస్‌ల ఇతర సెట్టింగులు కూడా తమ మామూలు విలువలకు వెళ్లిపోతాయి. హోస్ట్‌గా ఉన్న మెషిన్‌కు ఒక నియమావళి, రౌటర్‌గా మారితే ఇంకోటి అన్నది దాని వెనక తర్కం. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, చదివేవాళ్లే తక్కువ. అందుకే స్క్రిప్టుల్లో ఐపీ_ఫార్వర్డ్ ముందు, మిగతావి తర్వాత రావాలి.

దూరాన ఉన్న మెషిన్‌లో ఇలాంటి ప్రయోగం తప్పనిసరైతే, వెనక్కి తిప్పే ఏర్పాటు మార్పుకంటే ముందే నడుస్తూ ఉండాలి. రూట్ షెల్‌లో 300 సెకన్లు ఆగి పాత విలువను ఎకోతో రాసే లైనును బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలి, ఆ తర్వాతే కొత్త విలువ రాయాలి. స్లీప్ అప్పటికే మొదలై ఉంటుంది, ఎకోకు కొత్త ప్రాసెస్ అవసరం లేదు కాబట్టి పైన చెప్పిన మెమరీ చిక్కులో కూడా ఈ ఏర్పాటు పనిచేస్తుంది. అంతా బాగుంటే ఆ ఐదు నిమిషాల్లోపు దాన్ని ఆపేస్తే సరిపోతుంది.

నెట్‌లో దొరికే అంకెలకు ఆయుష్షు తక్కువ

సర్వర్ ట్యూనింగ్ పేరుతో దొరికే 'కాపీ, పేస్ట్' జాబితాల్లో ఏళ్ల తరబడి టీసీపీ_టీడబ్ల్యూ_రీసైకిల్ = 1 అనే లైను ఉండేది. మూసేసిన కనెక్షన్లను త్వరగా తిరిగి వాడుకోవడం దాని ఉద్దేశం. అందుకోసం కెర్నెల్ ఒక్కో ఐపీ అడ్రస్ నుంచి చివరగా వచ్చిన టైమ్‌స్టాంప్‌ను గుర్తుపెట్టుకుని, అంతకంటే పాత టైమ్‌స్టాంప్‌తో వచ్చిన కనెక్షన్లను చప్పుడు లేకుండా పారేసేది. ఒకే రౌటర్ వెనక ఉన్న పది ఫోన్లకు బయటికి కనిపించే ఐపీ ఒక్కటే, టైమ్‌స్టాంప్‌లు మాత్రం పది రకాలు. ఫలితంగా ఒకే ఇంట్లో ఒక ఫోన్‌లో సైట్ తెరుచుకునేది, ఇంకో ఫోన్‌లో తెరుచుకునేది కాదు. సర్వర్ లాగ్‌లలో ఆనవాలు ఉండదు. ఆఫీసు నుంచి పరీక్షిస్తే అంతా బాగానే ఉంటుంది. 2017లో 4.12 కెర్నెల్ ఈ సెట్టింగునే తీసేసింది. ఇప్పుడు ఆ లైను రాస్తే అలాంటి ఫైల్ లేదని వస్తుంది. పాత జాబితా అని గుర్తుపట్టడానికి ఇదొక తేలికైన పరీక్ష.

స్వాపీనెస్ మీద ఉన్నంత అపార్థం మరి దేని మీదా లేదేమో. 60 అంటే ర్యామ్ 40 శాతం మిగిలినప్పుడు స్వాప్ మొదలవుతుందన్న వివరణ చాలాచోట్ల కనిపిస్తుంది. అది తప్పు. ఆ అంకె శాతం కాదు. మెమరీ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు ప్రోగ్రాముల పేజీలను స్వాప్‌కు పంపడం, దాచుకున్న ఫైళ్ల పేజీలను వదిలేయడం, ఈ రెండింటిలో ఏది ఎంత ఖరీదో కెర్నెల్‌కు చెప్పే తూకం అది. 100 అంటే రెండూ సమానం. 2020లో వచ్చిన 5.8 నుంచి 200 దాకా పెట్టొచ్చు. స్వాప్ డిస్కు మీద కాకుండా జీర్యామ్‌లో (ర్యామ్‌లోనే కుదించి దాచే చోటు) ఉంటే స్వాపే చవక కాబట్టి, వందకు పైన పెట్టడంలో అర్థముంది. సున్నా పెడితే స్వాప్ ఆగిపోతుందన్నదీ నిజం కాదు, మరీ ఇరుకైతే అప్పుడూ వాడుతుంది.

కొన్ని సలహాలు తప్పు కాదు గానీ అవసరం తీరిపోయాయి. వేచి ఉండే కనెక్షన్ల వరసకు హద్దు పెట్టే సోమాక్స్‌కాన్ 128 చాలదని పెంచమనేవాళ్లు, 5.4 నుంచి మామూలు విలువే 4096. ఐనోటిఫై వాచ్‌లు 8192 ఉండేవి, 5.11 నుంచి ర్యామ్‌ను బట్టి కెర్నెలే లెక్కగట్టి, సుమారు పది లక్షల దాకా పెడుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ కోసం మాక్స్_మ్యాప్_కౌంట్‌ను (ఒక ప్రాసెస్‌కు ఉండగల మెమరీ మ్యాపింగ్‌ల పరిమితి) 65530 నుంచి 262144కు పెంచమని పాత గైడ్లు చెబుతాయి. ఫెడోరా 39 అనే లైనక్స్ డిస్ట్రోలో ఆ విలువ ముందే 1048576. పాత గైడ్ చూసి అక్కడ 262144 రాస్తే పెంచినట్టు కాదు, నాలుగో వంతుకు తగ్గించినట్టు. రాసే ముందు చదవమనేది ఇందుకే.

ఇక క్యాష్‌ను ఖాళీ చేయించే డ్రాప్_క్యాషెస్. ప్రతి గంటకూ 3 రాసే క్రాన్ జాబ్‌లు (వేళకు వాటంతటవే నడిచే పనులు) ఇప్పటికీ సర్వర్లలో కనిపిస్తాయి. దానివల్ల డేటా పోదు, కానీ కెర్నెల్ కష్టపడి పోగేసుకున్న క్యాష్ పోతుంది, తర్వాతి నిమిషాల్లో ప్రతిదీ మళ్లీ డిస్కు నుంచే రావాలి. మెమ్‌ఫ్రీ అంకె పెద్దగా కనిపించడం తప్ప దక్కేదేమీ లేదు. టెస్టింగ్‌కు, డీబగ్గింగ్‌కు తప్ప వాడొద్దని కెర్నెల్ డాక్యుమెంటేషనే అంటోంది.

శాశ్వతం చేసేటప్పుడు

పరీక్షించి బాగుందనుకున్న /ప్రాక్/సిస్ విలువను /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ డైరెక్టరీలో ఒక చిన్న ఫైల్‌గా రాసిపెడితే ప్రతి బూట్‌లోనూ అమలవుతుంది. ఫైళ్ల పేర్ల క్రమంలో చదువుతుంది, ఒకే సెట్టింగు రెండు చోట్ల ఉంటే చివర వచ్చినదే నెగ్గుతుంది. 10తో మొదలైన సొంత ఫైల్‌ను 99తో మొదలైన డిస్ట్రో ఫైల్ కొట్టేయడం తరచూ జరిగేదే. సిస్‌సీటీఎల్‌ను సిస్టమ్ ఆప్షన్‌తో నడిపితే ఏ ఫైల్ తర్వాత ఏ ఫైల్ అమలైందో వరసగా చూపిస్తుంది. పాత అలవాటుగా /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్‌లో రాసేవాళ్లు మాత్రం గమనించాలి: 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో బూట్ సమయంలో సిస్టమ్‌డీ ఆ ఫైల్‌ను చదవదు. అప్‌గ్రేడ్ తర్వాత సెట్టింగులు పోయాయంటే ముందు చూడాల్సింది అక్కడే.

ఫైల్‌లో సరిగ్గా రాసినా అమలు కాని సందర్భం ఇంకొకటుంది. కంటైనర్లను నిర్వహించే కుబర్‌నెటీస్ అడిగే బ్రిడ్జ్-ఎన్ఎఫ్ అనే నెట్‌వర్క్ సెట్టింగులు బీఆర్_నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ (కెర్నెల్‌కు విడిగా జోడించే భాగం) లోడ్ అయితేనే పుడతాయి. బూట్‌లో సిస్‌సీటీఎల్ వంతు వచ్చేసరికి మాడ్యూల్ లేకపోతే రాయడానికి ఫైలే ఉండదు. మాడ్యూల్స్-లోడ్.డీలో దాని పేరు ముందుగా రాయాలన్నది ఇందుకే.

/సిస్ ఫైళ్లకు సిస్‌సీటీఎల్ వర్తించదు. పరికరం కనిపించిన క్షణంలో రాయాలంటే యూడెవ్ రూల్, బూట్‌లో ఒక్కసారి రాస్తే చాలనుకుంటే టీఎంపీఫైల్స్.డీ ఉన్నాయి. ఇక్కడ అడ్డొచ్చేది వేరే సాఫ్ట్‌వేర్. సీపీయూ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను చేత్తో మార్చితే, పవర్ సెట్టింగులు చూసుకునే టీఎల్‌పీనో ట్యూన్డ్‌నో ఛార్జర్ తీసిన మరుక్షణం దాన్ని మళ్లీ తనకు నచ్చినట్టు పెట్టేస్తుంది. డాకర్ మొదలవగానే ఐపీ_ఫార్వర్డ్‌ను 1 చేస్తుంది. అలాంటి చోట ఫైల్‌తో కుస్తీ పట్టేకంటే ఆ టూల్ సెట్టింగునే మార్చడం మేలు.

కంటైనర్ లోపల నుంచి ఇవేవీ మామూలుగా కుదరవు. /ప్రాక్/సిస్‌నూ /సిస్‌నూ డాకర్ చదవడానికి మాత్రమే వీలుగా ఇస్తుంది. నెట్‌వర్క్‌కు చెందిన చాలా సెట్టింగులు ఒక్కో కంటైనర్‌కు విడిగా ఉంటాయి కాబట్టి వాటిని కంటైనర్ మొదలుపెట్టేటప్పుడు అడగొచ్చు. స్వాపీనెస్, మాక్స్_మ్యాప్_కౌంట్ లాంటివి మెషిన్ మొత్తానికి ఒక్కటే. అధికారాలన్నీ ఇచ్చే ప్రివిలేజ్డ్ ఆప్షన్‌తో కంటైనర్ నడిపి లోపల నుంచి వాటిని మార్చితే, అదే మెషిన్ మీదున్న మిగతా కంటైనర్లన్నిటికీ మార్చినట్టే. అంతకంటే ముఖ్యంగా కోర్_ప్యాటర్న్ ఫైల్ ఉంది. ప్రోగ్రాం కూలినప్పుడు ఏ కమాండ్ నడపాలో అందులో రాయొచ్చు, ఆ కమాండ్‌ను హోస్ట్ మెషిన్ మీద రూట్‌గా నడిపేది కెర్నెలే. కంటైనర్‌లోకి చొరబడినవాడికి ఆ ఒక్క ఫైల్‌లో రాసే వీలు దొరికితే మెషిన్ మొత్తం చేతికొచ్చినట్టే.